పాకలో దగ్గు

నాన్న పోయినా ఆయన దగ్గు పోలేదు. పొద్దు వాలేసరికి దొడ్డిచివర పాకలోంచి వినపడేది. ఒక దగ్గు, కాసేపు ఊరుకుని ఇంకో దగ్గు. నాకు ఒళ్ళు జలదరించేది. అమ్మ మాత్రం వెనక గుమ్మంలో కూర్చుని, ప్రార్థనలో ఉన్నంత శ్రద్ధగా వినేది. చెప్పలేని మాట గొంతులో ఉన్నప్పుడు నాన్న బతికుండగానూ అలాగే దగ్గేవాడు.

ఆ పాక ఉన్న స్థలం తనదని మా చిన్నాన్న కూతురు రూతు కొవ్వూరు కోర్టులో నామీదా అమ్మమీదా దావా వేసింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. చిన్నాన్న పోయాక మా ఇంట్లో తిని పెరిగిన పిల్ల, మమ్మల్నే కోర్టుకీడ్చింది! అమ్మది మాత్రం ఒకటే దిగులు.

"ఆ పాక పోతే మీ నాన్న ఎక్కడికెళ్తాడే?"

మా వకీలు శివరామకృష్ణగారు మొదట్లో ధైర్యంగానే ఉన్నారు. ఇంతలో రూతు తరఫువాళ్ళు ఒక రికార్డింగు బయటపెట్టారు. నాన్న పోయే ముందటి ఏడాది చర్చిలో ఉపవాస కూటం జరిగింది. ఆవేళ నేనూ అమ్మా వెళ్ళలేదు. నాన్న లేచి, తమ్ముడు పోయాక కంచె జరిపి అతని స్థలం కలిపేసుకున్నానని అందరిముందూ ఒప్పుకున్నాడట. ఆ కూటంలో అందరూ చెప్పుకున్న సాక్ష్యాల్లాగే అదీ ఎవరో ఫోనులోకి ఎక్కించారు.

నేను నమ్మలేదు. ఆ స్థలం మనదేనని నాన్న ఇంట్లో వందసార్లు అన్నాడు, బోనెక్కి అదే చెప్తానన్నాను. వకీలుగారు తల అడ్డంగా ఊపారు.

"తనకి లాభంగా వందసార్లు అన్నా మనకి పనికిరాదమ్మా. నష్టంగా ఒక్కసారి అన్నా వాళ్ళకి పనికొస్తుంది. మీకా స్థలం ఆయన నుంచే వచ్చింది కాబట్టి, ఆయన మాట మీ మీద చెల్లుతుంది."

ఇదెక్కడి న్యాయమండీ అని విసుక్కున్నాను. తనకే చేటయ్యే అబద్ధం ఎవరూ ఊరికే చెప్పరు కదా అన్నారాయన. కూటంలో ఉన్నవాళ్ళెవరూ కోర్టుకి రామన్నారు కాబట్టి, ఆ గొంతు నాన్నది కాదని నేనంటే బయటపడొచ్చని కూడా చెప్పారు. సరేనన్నాను.

కోర్టులో ఆ రికార్డింగు పెట్టారు. ముందు ఒక దగ్గు. కాసేపటికి ఇంకో దగ్గు. వెనక బెంచీ మీద అమ్మ దిగ్గున లేచి నిలబడింది. రోజూ సాయంత్రం పాకలో దగ్గు అక్కడితో ఆగిపోయేది. ఇక్కడ ఆగలేదు.

"మా తమ్ముడు యెహెజ్కేలు స్థలం నేను తిన్నాను. ఇంట్లో చెప్పే నోరు నాకు లేదు. ప్రభువా, నన్ను క్షమించు."

గొంతు మీ నాన్నదేనా అని రూతు వకీలు బోనులో ఉన్న నన్ను అడిగాడు. కాదంటే స్థలం మాకు దక్కుతుంది. కానీ ఆ మనిషి ఇంకా ఎన్నాళ్ళు దగ్గుతూ కూర్చోవాలి? నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

"మా నాన్నేనండి," అన్నాను.

మా వకీలుగారు తల దించుకున్నారు. రూతు పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తీర్పు ఇంకా రాలేదు. పాక ఇంకా మా చేతుల్లోనే ఉంది. ఆ సాయంత్రం ఇల్లు చేరగానే అమ్మ ఎప్పటిలాగే వెనక గుమ్మంలో కూర్చుంది, నేనూ పక్కన చతికిలబడ్డాను. పొద్దు వాలింది, చీకటి పడింది. ఒక్కసారి దగ్గితే బాగుండునని మొదటిసారి నాకే అనిపించింది. పాకలోంచి ఏ చప్పుడూ రాలేదు.

అమ్మ చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరగకుండానే అడిగింది.

"నాతో ఒక్క మాటైనా అనకుండా మీ నాన్నని పంపించేశావేమే, తబితా?"