వరస చివరి ఖాళీలు

నా భార్య డోరీన్ రాసిన ప్రోగ్రామ్ ఇంకెక్కడా మిగల్లేదనే అనుకున్నాను. చర్చి గంటలు మోగించడం నేర్చుకునేవాళ్ల కోసం, మా వంటింటి బల్ల దగ్గర, రబ్బరు మీటల చిన్న కంప్యూటర్ ముందు ఒక చలికాలమంతా కూర్చుని రాసింది. అందులో ఎనిమిది గంటలూ ఒకదాని తర్వాత ఒకటి వరసగా మోగుతుంటాయి. మన గంట వంతు రాగానే మనం మీట నొక్కాలి. దాన్ని దాచిన క్యాసెట్‌కు బూజు పట్టింది. డోరీన్ పోయింది. కంప్యూటర్ మాత్రం బతికే ఉంది.

ఈ వసంతంలో, గంటలు మోగించేవాళ్ల సంఘంలో ఎవరో మహానుభావుడు పాత కాపీ ఒకటి వెతికి ఇంటర్‌నెట్‌లో పెట్టాడు. వెంటనే దింపుకున్నాను. ఆ గంటల్ని ఆమె కంప్యూటర్‌లోనే మరోసారి వినాలని నా ఆశ.

ఫైలు తెరిస్తే పేజీల కొద్దీ పిచ్చి అక్షరాలు, గుర్తులు. ఫోన్ తీగల మీద మామూలు అక్షరాలు తప్ప మరేవీ వెళ్లని కాలంలో ప్రోగ్రామ్‌కి ఇలా అక్షరాల వేషం వేసి పంపేవారు. ఆ వేషం విప్పి, శబ్దంగా మార్చి, టేప్ రికార్డర్ తీగ గుండా కంప్యూటర్‌కి వినిపించాలి. వేషం విప్పే దగ్గరే ల్యాప్‌టాప్ మొండికేసింది. వరసలు పొట్టిగా ఉన్నాయట.

శనివారం వానలో తడుస్తూ సెల్విన్ వచ్చాడు. డోరీన్ పక్కన నిలబడి ఏళ్ల తరబడి గంట తాడు లాగినవాడు. పాత కంప్యూటర్లంటే ప్రాణం.

“ఏమోయ్ లయొనెల్, ఫైలు దిగింది దిగినట్టే ఉంచావా? చెయ్యి పెట్టావా?”

“చెయ్యి పెట్టడమేంటి? కాస్త సర్దానంతే. చాలా వరసల చివర ఊరికే ఖాళీలు వదిలేశారు. తీసేశాను.”

సెల్విన్ నవ్విన నవ్వుకి కప్పులో టీ సాసర్‌లోకి ఒలికింది. “పంతులు ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయినా నీ ఎర్ర పెన్ను మానలేదన్నమాట! అందులో ఖాళీ కూడా ఒక గుర్తేనయ్యా. సున్నా ఉన్నచోటల్లా ఖాళీ వేస్తారు.”

“చూడ్డానికి అసహ్యంగా ఉంటేనూ...”

“ఖాళీకి అసహ్యమేంటయ్యా బాబూ! పోనీలే, మళ్లీ దింపు.”

“నిన్నటి నుంచీ ఆ సైటు తెరుచుకోవడం లేదు. పాతదాని మీదే సేవ్ చేశాను.”

సెల్విన్ కళ్లద్దాలు తుడుచుకుని తెర దగ్గరికి వంగాడు.

“నీ అదృష్టం బావుంది. ప్రతి వరస మొదట్లో ఉన్న గుర్తు చూడు. వరస ఎంత పొడుగుండాలో అదే చెబుతుంది. తక్కువైన చోట చివర ఖాళీలు పెట్టుకుంటూ పోతే చాలు. నువ్వు చెరిపినవి ఖాళీలే కాబట్టి బతికిపోయాం. అక్షరాలైతే దేవుడే దిక్కు.”

అలా పనిలో పడ్డాను. ఎన్ని ఖాళీలు తక్కువో సెల్విన్ చెబుతుంటే నేను నొక్కుతూ పోయాను. ఏమీ లేని చోట ఏమీ లేనిదాన్ని పద్ధతిగా పేర్చడం నాకు బాగానే వచ్చింది. మధ్యలో అల్లం కేకు తిన్నాం. వాన తెరిపిచ్చేసరికి చివరి వరస పూర్తయింది. ఈసారి ల్యాప్‌టాప్ నోరెత్తలేదు.

తీగ తగిలించి శబ్దం పెట్టాం. పాత కీచుమనే అరుపు. కంప్యూటర్‌కి తెరగా పెట్టిన టీవీ అంచుల్లో రంగు చారలు పరుగెత్తాయి. చారలు ఆగి, ఎనిమిది అంకెలు కనిపించాయి. చిన్నగంట నుంచి పెద్దదాకా, సన్నటి బీప్‌లతో మా వంటింట్లో గంటలు మోగడం మొదలైంది.

“విను, రెండు వరసలకోసారి ఒక గంట మోగేంత సేపు ఆగుతోంది,” అన్నాడు సెల్విన్. “అది మా చర్చి పద్ధతి. మొత్తంలో ఒక్క వెలితి కూడా లేదు. ఊఁ, నువ్వు మోగించు.”

మూడో గంట ఎంచుకున్నాను. డోరీన్ ఎంత బతిమాలినా నేర్చుకోనివాణ్ని, ఇప్పుడు మాత్రం వస్తుందా! మీట నొక్కేసరికి నా వంతు దాటిపోయింది. గంటలు ఆగి, తెర మీద అక్షరాలు వచ్చాయి:

ఆలస్యం. లయొనెల్ అయితే క్షమించాం.

సెల్విన్ నా భుజం తట్టి, కెటిల్‌లో నీళ్లు పట్టడానికి లేచాడు. నేను కుర్చీ ముందుకు జరుపుకుని, మళ్లీ మూడో గంటే ఎంచుకున్నాను.