ఉత్తరం గోడ

ఆ రోజు చేయవలసిన పనులు: చర్చికి దూరంగా, వాగు ఒడ్డున తారు కాచాలి. గోడ మీది నాచు గీకాలి. నిచ్చెన కట్టాలి. చెల్లెలి కంట పడకుండా దాన్ని ఎక్కాలి.

ఐవిండ్ మూడు పనులు ముగించేసరికి గున్వొర్ రానే వచ్చింది.

"డాక్టరు ఏమన్నాడన్నయ్యా?"

"గుండె పాతబడిందన్నాడు."

"నిచ్చెన ఎక్కొచ్చన్నాడా?"

"అది నేనడగలేదు." ఐవిండ్ కుంచె తీసుకున్నాడు. "ఈ చర్చి స్తంభాల కోసం చెట్ల తలలు నరికి, నిలువునా అలాగే ఉంచి ఏళ్లపాటు ఎండనిచ్చారట. నేనూ అలా ఎండుతున్నాననుకో."

"నీ తల ఎప్పుడో పోయిందిలే," అంటూనే గున్వొర్ నిచ్చెన కాలు గట్టిగా పట్టుకుంది.

ఎనిమిది వందల ఏళ్లుగా ఆ కొయ్య చర్చి రాతి దిమ్మెల మీద, నేల తడి తగలకుండా నిలబడి ఉంది. చేప పొలుసుల్లాంటి పలకల కప్పులు ఒకదాని మీద ఒకటి, కొసన నోరు తెరిచిన డ్రాగన్ తలలు. పైన్ కొయ్య నుంచి తీసే తారు తాగినంతకాలం దానికి చావు లేదు. కానీ తారు ఎప్పుడూ దక్షిణం గోడకే సరిపోయేది. లోయలోంచి వచ్చేవాళ్లకు కనిపించేది అదే. ఉత్తరం వంతు వచ్చేలోగా చలి దిగేది. ఆ గోడ బూడిదరంగుకు తిరిగి, పగుళ్లిచ్చింది.

ఐవిండ్ చిన్నతనంలో చర్చిలో ఆడవాళ్లు ఉత్తరం వైపు బల్లల మీదే కూర్చునేవారు. అమ్మ మార్గిత్ చోటు గోడ వారన. వాన పడితే ఆమె ఎడమ భుజం తడిసేది. ఆమె జరిగేది కాదు. జరిగితే పక్కావిడ తడుస్తుంది.

ఈసారి పాస్టరే వచ్చి చెప్పాడు: "శనివారం పెళ్లుందయ్యా. దక్షిణం గోడ జోలికెళ్లకు. పెళ్లికూతురి గౌనుకు తారంటిందంటే వాళ్లమ్మ నన్ను బతకనివ్వదు."

"సరేనండీ," అన్నాడు ఐవిండ్, సంతోషం బయటపడనీయకుండా. ఆదివారం నుంచి వానలన్నారు. మళ్లీ వేసవి దాకా తాను ఉంటానన్న నమ్మకం అతనికి లేదు.

జూన్‌లో అక్కడ సూర్యుడు వాయవ్యాన దిగిపోయే ముందు ఉత్తరం గోడను కాసేపు పలకరిస్తాడు. ఆ వెచ్చదనంలో కొయ్య తారును గుటకలు గుటకలుగా తాగింది. ఐవిండ్ చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. మధ్యలో రెండుసార్లు నిచ్చెనకు నుదురు ఆనించి ఆగాడు.

"మిగతాది రేపు చేద్దువు, దిగు," అంది గున్వొర్.

"ఎండ రేపటిదాకా ఆగుతుందా? వెళ్లి కాఫీ తే. నీళ్లలా కాదు, చిక్కగా."

"ఇంతోటి మేస్త్రికి కాఫీ కూడానా!" అని ఆమె నవ్వుతూ వెళ్లింది.

చివరి పలక అయ్యాక ఐవిండ్ నిదానంగా దిగాడు. అమ్మ భుజం ఆనిన చోటికి సరిగ్గా వెలుపల ఇంకో పూత వేశాడు. ఎదురుగా ఉన్న రాతి మీద కూర్చుని గోడను చూశాడు.

గున్వొర్ కాఫీతో వచ్చేసరికి అతను అలాగే కూర్చుని ఉన్నాడు, కళ్లు తెరిచే. ఆమె రెండుసార్లు పిలిచింది. తర్వాత పిలవలేదు. పక్కన కూర్చుని, ఎండ గోడ దాటేదాకా అతని నల్లటి చేయి వదల్లేదు.

ఆదివారం వాన కురిసింది. చర్చి లోపల ఉత్తరం వైపు బల్లలు తడవలేదు.

మీరెప్పుడైనా ఆ చర్చికి వెళితే వెనక వైపుకూ ఒకసారి నడవండి. ఆ రాతి పక్కన తారు డబ్బా ఉంటుంది. గున్వొర్ దాన్ని తీయనివ్వలేదు. గట్టిపడ్డ తారులో నిటారుగా నిలిచిపోయిన ఆ కుంచెను చూసి, ఐవిండ్‌ను ఒక్కసారి తలచుకోండి.