కన్నం పక్కన బొట్టు

ఆ శుక్రవారం అనకాపల్లిలో ఇంట్లో ఉన్నది ధనశ్రీ పిన్ని, త్రినాధరావు బాబాయ్, బాబాయ్ వాళ్లమ్మ పైడితల్లి మామ్మ, నక్కపల్లి దగ్గర మా ఊరి నుంచి సెలవులకు వచ్చిన నేను. కంప్యూటర్‌ని కూడా లెక్కలో వెయ్యమంది మామ్మ. పొద్దున్నే తన చేత్తో బొట్టు పెట్టింది కాబట్టి అదీ ఇంట్లో మనిషేనట.

అది పాత కంప్యూటర్. మూసేసిన నెట్ సెంటర్ నుంచి బాబాయ్ తన ఆటోలో వేసుకొచ్చాడు. టెన్త్ పాసై పెళ్లితో చదువు ఆపేసిన పిన్ని ఇన్నేళ్లకు బయటికెళ్లి ఒక పని అడిగింది. బెల్లం మార్కెట్లో కమీషన్ కొట్టు నడిపే దేవీప్రసాద్ గారు సరేనన్నారు. బిల్లులు మెయిల్లో పంపుతాను, ఇంట్లో కూర్చుని టైపు చెయ్యొచ్చు అన్నారు. కాకపోతే ఈ సాయంత్రం కొట్టు కట్టేలోగా పిన్ని నుంచి ఆయనకు మెయిల్ రావాలి. రాకపోతే ఆ పని ఇంకొకరికి. పిన్ని అప్పటిదాకా కంప్యూటర్ ముట్టుకుని ఎరగదు. నన్ను నమ్ముకుని ఒప్పుకుని వచ్చేసింది.

నాకేమో నలుగురిలో గొంతు పెగలదు. బళ్లో కంప్యూటర్ సార్ ప్రశ్న అడిగితే జవాబు వేలితో చూపించేదాన్ని.

పిన్ని కీబోర్డు తీగ తీసుకుని కంప్యూటర్ డబ్బా ముందువైపున్న కన్నంలో పెట్టబోయింది. వెళ్లలేదు. తిప్పి పెట్టింది. వెళ్లలేదు. నేను వంగి చూశాను. అక్కడున్న రెండు కన్నాల్లోనూ పసుపు ముద్ద, దాని మీద కుంకుమ.

బాబాయ్ కూడా వంగి చూశాడు. "ఆటోకి పెట్టినట్టు దీనికీ పెట్టేసేవేటమ్మా?"

"ఆటోకి దీపాల మీద పెట్టనేటి? ఇయ్యీ కళ్లలాగే ఉన్నాయి. కొత్తగా ఇంటికొచ్చినదాన్ని బోడిగా ఉంచమంతావేటి?"

"బాగా పెట్టేవు. కళ్లు మూసేసేవు." బాబాయ్ ఫోన్ తీశాడు. "కొట్టుకాడికి నీను సెప్పేత్తాను, మావల్ల అవదని."

పిన్ని కీబోర్డు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. మామ్మ పమిట కొంగు నలుపుకుంటోంది.

"వెనకాల ఉన్నాయి" అన్నాను.

"ఏటే?"

"వెనకాల కూడా ఉన్నాయి బాబాయ్." ఈసారి నా గొంతు నాకే వినబడింది.

ముందు ప్లగ్గు తీయించి డబ్బాని గోడ వైపు నుంచి తిప్పాను. మామ్మ చెయ్యి అక్కడిదాకా వెళ్లలేదు. నాలుగు కన్నాలూ శుభ్రంగా ఉన్నాయి. కానీ అక్కడ ఇంకా రకరకాల కన్నాలున్నాయి. పిన్ని వాటిని చూసి చేతులు వెనక్కి తీసుకుంది. "ఏది దేనికో నాకెలా గుర్తుంతాదే?"

అప్పుడు నేను మామ్మ వైపు తిరిగాను. "బొట్టు పళ్లెం తే మామ్మా."

మామ్మ నమ్మలేనట్టు చూసి తెచ్చింది.

"కన్నంలో కాదు, పక్కన పెట్టు. ఈ నాలుగూ ఒక్కలాంటివే, పసుపు పెట్టు. కీబోర్డు, మౌసు, ఫోన్ తీగ వీటిలో ఎందులోనైనా దూరుతాయి. ఆ మూడు తీగలకీ పసుపే. సూదుల్లాంటివి ఉన్న ఈ వెడల్పు తీగ టీవీలాంటి దానిది. దానికీ, దాని కన్నానికీ కుంకుమ. అడ్డంగా తోస్తే సూదులు వంగిపోతాయి. కరెంటుది లావుగా ఉంటుంది, దానికి బొట్టు అక్కర్లేదు."

నేను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం మా అమ్మ కూడా వినలేదు.

పిన్ని పసుపుకి పసుపు, కుంకుమకి కుంకుమ పెట్టింది. బాబాయ్ ఊరుకోకుండా అన్నీ పీకేశాడు. "ఇప్పుడు పెట్టు, సూద్దుం." పిన్ని అతని వైపు చూడకుండానే అన్నీ పెట్టేసి స్విచ్ నొక్కింది. తెర వెలిగింది. ఫోన్ నుంచి నెట్ కూడా వచ్చింది.

"నా బొట్టే" అంది మామ్మ.

మెయిల్ దగ్గర పిన్ని తన పేరు కొట్టింది. ఆ పేరు అప్పటికే ఎవరో తీసుకున్నారని వచ్చింది.

"నా పేరు ఇంకెవరు తీసేసుకున్నారే?"

"ఊరు కలుపు పిన్నీ." అనకాపల్లి కలిపితే కుదిరింది. ఫోన్‌కొచ్చిన అంకెలు చదివి తనే కొట్టింది. పాస్‌వర్డ్ అడిగేసరికి పైకే అంది, "అత్త పేరెట్టేద్దుం."

మామ్మ మొహం వెలిగిపోయింది. నేను తల అడ్డంగా ఊపాను. "అందరికీ తెలిసినది పెట్టకూడదు. ఎవరికీ చెప్పకూడదు. కొడుతున్నప్పుడు ఎవర్నీ చూడనివ్వకూడదు."

"మీ బాబాయ్‌నీనా?"

"బాబాయ్‌నీ."

"మా బాగా నేర్పుతన్నావు" అన్నాడు బాబాయ్, గోడ వైపు తిరిగి నిలబడి.

పాస్‌వర్డ్ అక్షరాలు ఎక్కడున్నాయో పిన్నికి తెలియక, వేలు పెట్టి నేనే చూపించాను. దేవీప్రసాద్ గారికి రెండు వాక్యాలు మాత్రం తనే కొట్టింది. పంపాక ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు, బస్సు కోసం నిలబడ్డట్టు. కాసేపటికి జవాబు వచ్చింది. అందిందనీ, బిల్లులు ఇందులోనే పంపుతున్నాననీ, మొదలుపెట్టమనీ.

పిన్ని దాన్ని పైకి చదివింది. మళ్లీ చదివింది. బాబాయ్ ఆటో తాళం జేబులో వేసుకుని, "టీ నీను పెడతాన్లే" అన్నాడు.

నాకొకటి గుర్తొచ్చింది. "పిన్నీ, నీ పాస్‌వర్డ్ నేను చూశాను కదా. ఇప్పుడు మార్చేసుకో." ఎక్కడ మార్చాలో చూపించాను.

పిన్ని కుర్చీలోంచి లేచింది. "అందరూ బయటికెళ్లండి."

బాబాయ్, మామ్మ గడప దాటారు. ఏదైనా అక్షరం దొరక్కపోతే చూపిద్దామని నేను అక్కడే నిలబడ్డాను.

"నువ్వూనే" అంది పిన్ని. పసుపంటిన చేతులతో నా భుజాలు పట్టి గది బయటికి నడిపించి, నా మొహం మీదే తలుపు వేసేసింది.