తాడు కాస్త వదులు

“పిల్లకి భయం పోగొట్టమంటే గోడలెక్కిస్తావా? ఈ శనివారం నేనూ వస్తా. అది ఏడ్చిందో, ఆ రోజుతో మానిపించేస్తా” అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ. ఆమె ఇస్త్రీపెట్టె మళ్లీ అందుకుంది. ఇంకా రెండు చొక్కాలున్నాయి. పొయ్యి మీద కూర మాడిందంటే దానికో మాట పడాలి.

పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు. తొమ్మిదేళ్లది. నాన్న గొంతు పెరిగితే చాలు, మంచం కింద దూరేది. అందుకే ఆమె గోడలెక్కడం నేర్పే హాల్లో చేర్పించింది. “ఆడపిల్ల ఇప్పుడే గోడలెక్కితే రేపు మాట వింటుందా?” అని అత్తగారు దీర్ఘం తీశారు. మాట వినడంలో తను ఆరితేరింది కదా, ఏం బావుకుంది? ఆఫీసులో మీటింగంటే టీలు చెప్పేది తను, తను రాత్రంతా తయారుచేసింది చదివి మెప్పు కొట్టేసేది పక్క సీటాయన. ఇంటికొస్తే అడిగినవాళ్లకి అడిగింది అందించి, గిన్నె అడుగున మిగిలింది తిని పడుకోవడం. ఇన్నాళ్లూ దీనికి మంచితనమని పేరు పెట్టుకుంది. ఇదంతా భయమని పోయిన వారం ఆ హాల్లో తెలిసింది.

అక్కడి పద్ధతి అలాంటిది. ఎక్కే పిల్ల నడుముకు కట్టిన తాడు పైన కొక్కెంలోంచి దిగి, కింద నిలబడ్డ తల్లి నడుము పట్టీకున్న కొక్కెంలోంచి ఆమె చేతుల్లోకి వస్తుంది. పిల్ల ఎక్కేకొద్దీ తల్లి తాడు లాక్కోవాలి. చివర్లో ఉంటుంది అసలు పరీక్ష: తల్లి తాడు కాస్త వదులు చెయ్యాలి, పిల్ల తనంతట తనే చేతులు వదిలి పడాలి. పోయిన వారం పిచ్చుక చేతులైతే వదిలింది గానీ జానెడు కూడా కిందికి జారలేదు. కింద ఈవిడ ప్రాణాలన్నీ గుప్పిట్లో పెట్టుకుని తాడు బిగించేసింది మరి! “మీరలా లాగి పట్టుకుంటే అది పైకీ పోదు, కిందికీ రాదు” అని అక్కడ ఎక్కడం నేర్పే కోచమ్మ నవ్వింది.

శనివారం భర్త చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. పిచ్చుక చకచకా పై అంచుదాకా ఎక్కేసి, కిందికి చూసింది. అంతే, ఏడుపు లంకించుకుంది.

“చూశావా? దింపు” అన్నాడు భర్త.

ఆమె చటుక్కున తాడు బిగించింది. కోచమ్మ మాత్రం తలెత్తి అరిచింది. “భయం ఎక్కడుందే?”

“మోకాళ్లలో!”

“దిగుతావా?”

“దిగను! ఏడుస్తా, దూకుతా కూడా!”

అమ్మ దొంగపిల్లా! ఆమెకి ఒళ్లంతా పులకరించింది. ఏడుస్తూ కూడా పని చెయ్యొచ్చని తనకెవరూ చెప్పనేలేదే!

“తాడిటివ్వు” అంటూ భర్త చెయ్యి చాపాడు.

“ముట్టుకోకండి!”

హాలంతా ఇటు తిరిగింది. ఆ గొంతు తనదేనని ఆమెకే నమ్మకం కలగలేదు. భర్త చెయ్యి గాల్లోనే ఆగింది. ఆమె కింది చేత్తో తాడు వదలకుండానే, పై చేత్తో మూరెడు వదులు చేసింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి. వణకనీ.

“అమ్మా, వచ్చేస్తున్నా!”

పిచ్చుక చేతులు వదిలేసింది. దబ్బున కిందికి వచ్చింది. ఆ ఊపుకి ఆమె మునివేళ్ల మీదికి లేచిపోయింది, కానీ తాడు జారలేదు. పిల్ల గాల్లో ఊగుతూ, ముక్కు కారుతుండగానే, పకపకా నవ్వింది. “మళ్లీ! ఇంకా పెద్దగా పడతా!” ఆమె కూడా నవ్వేస్తూ, నెమ్మదిగా తాడు వదులుతూ పిల్లని నేల మీదికి దించింది.

“సరే, సరదా తీరిందిగా. పద, ఆకలేస్తోంది” అన్నాడు భర్త, గొంతు సర్దుకుని.

ఆమె నడుము పట్టీ విప్పింది. విప్పి ఆయన చేతిలో పెట్టింది.

“కట్టుకోండి. తాడు పట్టుకోవడం కోచమ్మ నేర్పిస్తుంది.”

“ఇప్పుడేగా పిల్ల దిగింది! మళ్లీనా?”

“పిల్లకి కాదండీ. ఇప్పుడు నేనెక్కుతాను.”