ఓవర్సీరుగారి కూత

ఆ ఉదయం అనంతగిరి దిగువన, గెడ్డ ఒడ్డున బీడుగా ఉన్న చోడి పొలంలో సమావేశమైనవారు వరుసగా వీరు: బండ మీద మధ్యవర్తిగా ఆ కొండపల్లెల పెత్తందారైన ముఠాదారు సోంబరు, అతని కుడిప్రక్క కొండవారి జట్టు, దానికి పెద్ద గాసి, ఎడమప్రక్క శృంగవరపుకోట నుండి రోడ్డు పనికి వచ్చిన కూలీల జట్టు, దానికి పెద్ద మేస్త్రీ గొర్లె సింహాచలం, అందరికీ వెనుక, మడతకుర్చీలో కంబళి కప్పుకొని, ఓవర్సీరు సూర్యనారాయణగారు. సంవత్సరం పంతొమ్మిదివందల ఇరవైయారు.

చైత్రమాసపు పండుగ నాళ్ళలో కొండవారు పలుగూ పారా ముట్టరు. కనుక పని ఆగింది, చెడుగుడు మొదలైంది.

సూర్యనారాయణగారికి అది విశ్రాంతిగా తోచలేదు. వానకు కోసుకుపోయిన రోడ్డును ఎండాకాలంలో వేయించడం, వేయించినదాన్ని తిరిగి వానకు అప్పగించడం, కొండ మీద ఆయన ఉద్యోగమంతా అదే. చలిజ్వరం ఎముకలలో కాపురం పెట్టింది. విజయనగరం కళాశాలలో ఒకప్పుడు జట్టుకంతటికీ ముందుగా కూతకు వెళ్ళిన మనిషి, ఇప్పుడు చిన్న ఎత్తు ఎక్కాలన్నా ఆయాసపడుతున్నారు. నెలాఖరుకు అనారోగ్యకారణం చూపి కొండ దిగిపోవాలని నిశ్చయించుకొన్నారు.

సింహాచలం వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“బాబూ, మల్లేశుకి జొరం తగిలీసింది. ఒక మనిసి తక్కువైపోనాడు.”

“అయితే?”

“తవరు సదువుకునీ రోజుల్లో ఆడీవోరట గదా.”

“ఎవరు చెప్పారు నీకు?”

“తవరే సెప్పినారు బాబూ, మొన్న జొరంలో.”

కాదనడానికే నోరు తెరిచారు. కానీ ఒక్క కూత నిలుస్తుందా అన్న ప్రశ్న ఆయనను కుర్చీలో కూర్చోనివ్వలేదు. ఆ ఊపిరి ఇంకా తనదో, ఈ కొండలు తీసేసుకొన్నాయో తెలుసుకోవాలి. కంబళి తీసి, పంచె ఎగగట్టి బరిలోకి దిగారు.

గీత దాటి నాలుగడుగులు వేశారో లేదో, దగ్గు తెర వచ్చి కూత తెగిపోయింది. గాసి పట్టుకొన్నాడు. పట్టుకొన్నాడనడం కూడా సరికాదు. రోగిని మంచం మీద నుండి లేపేవాడిలా చంకల క్రింద చేతులు వేసి నిలబెట్టాడు.

“పడిపోతావు, బాబూ. మెల్లగా,” అన్నాడు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన పడిన మాటలేవీ ఆ మెత్తదనమంత నొప్పించలేదు. తలవంచుకొని కుర్చీ వైపు నడిచారు.

“అటెక్కడికి?” అన్నాడు గాసి.

“చచ్చినవాడు బయట కూర్చోవాలి. అది నియమం.”

“అది మీ కింద ఊళ్ళ నియమం. మా కాడ సచ్చినోడంటూ లేడు. పట్టుబడినోడు పట్టినోళ్ళ మనిషి. ఇలా రా!”

సోంబరు వైపు చూశారు. సోంబరు తల ఊపాడు. మధ్యవర్తి నిర్ణయాన్ని ధిక్కరించే అలవాటు ఆయనకు లేదు. వెళ్ళి గాసి చేయి పట్టుకొని నిలబడ్డారు. ఆ చేయి పొగ వాసన, జీలుగు కల్లు వాసన వేస్తోంది.

కూలీలు కూతకు వచ్చి అందరినీ తాకబోతున్నారు, ఆయనను మాత్రం చుట్టు తిరిగి పోతున్నారు. మూడోవాడు అలా పోతూండగా ఓవర్సీరుగారు ముందుకు దూకి వాడి కాలు దొరకబుచ్చుకొన్నారు.

“అన్నేయం బాబూ! మన మనిసినే పట్టీసినారేటి!”

“నేను మీ మనిషిని కానురా ఇప్పుడు. బేగి ఇటు రా!”

నవ్వారు. ఆ నవ్వు ఎవరిదో అన్నట్లు వినిపించింది ఆయనకు. మోకాలు చీరుకుపోయింది, నడుము పట్టేసింది, అయినా ఆట అప్పుడే ముగియకూడదనిపించింది.

ఒక్కొక్కరే ఇటు వచ్చేశారు. అవతల చివరికి సింహాచలం ఒక్కడే మిగిలాడు.

“నువ్వెళ్ళు, బాబూ,” అన్నాడు గాసి.

“నావల్ల కాదు.”

“కాకపోతే అటు మనిషివవుతావు. అంతేగదా!”

గుండెనిండా ఊపిరి పీల్చి గీత దాటారు. చెడుగుడు చెడుగుడు చెడుగుడు... కూత సాగింది. సింహాచలం భుజాన్ని తాకి వెనక్కి తిరిగారు. మరుక్షణం సింహాచలం బరువంతా ఆయన వీపున పడింది. అధికారమూ జీతమూ ఏవీ మధ్య లేనట్లు నేలకు అదిమేశాడు. నోట్లో మన్ను. కూత సన్నగిల్లుతూ ఉండగా ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వ్రేళ్ళు గీత మీద పెట్టారు.

“గెలిచీసినారు! బాబు గెలిచీసినారు!” కొండవారూ కూలీలూ కలిసి అరిచారు. సోంబరు కూడా చేయి ఎత్తాడు.

సింహాచలం లేచి మన్ను దులుపుకొన్నాడు. “నేదు. గీతకి బెత్తెడు ఇవతలే కూత ఆగిపోనాది. నా సెవి తవరి నోటికాడే ఉంది.”

“ఏటిరా, కూలి ఇచ్చీ బాబుని ఓడగొట్టీత్తావా?” అన్నాడొక కూలీ.

“ఆటకాడ బాబేటి? ఆగింది. ఆగిందన్నాను.”

అందరూ ఓవర్సీరుగారి ముఖం చూశారు. ఆయన నేలమీదే పడి రొప్పుతున్నారు. ఊపిరి బెత్తెడు తక్కువైంది, అయితే అంతదూరం పోయి, అంతదూరం వచ్చింది.

“మేస్త్రీ చెప్పినదే నిజం,” అన్నారు చివరకు. “నేను అటు మనిషిని.” లేచి, కుంటుతూ వెళ్ళి సింహాచలం ప్రక్కన నిలబడ్డారు. సాయంత్రానికి జ్వరం వస్తుందని తెలుసు. వచ్చింది కూడా. నెలాఖరు ప్రయాణాన్ని మాత్రం వానలదాకా వాయిదా వేశారు.

ఇతరులందరూ మర్యాద కొరకు అసత్యమాడిన చోట, తన పై అధికారిని పూర్తి బలంతో నేలకు అదిమి, ఆగిన కూతను ఆగినదని నిర్భయముగా చెప్పిన మేస్త్రీ గొర్లె సింహాచలం చేసిన ఉపకారమును ఇందుమూలముగా సగౌరవముగా అంగీకరించడమైనది.