కారుకి పోటు ముహూర్తం

కొత్త కారు చేత నిమ్మకాయలు తొక్కించడానికి ఎవరైనా పంచాంగం చూస్తారు. ఇంటి పెద్దావిడ పాపాయి మాత్రం ఏటి నీళ్ళు చూసింది.

మొగల్తూరుకి అవతల, ఉప్పుటేరు గట్టు మీదున్న ఆ ఇంట్లో కారు కొనడం అదే మొదలు. అంతవరకూ కొన్నవన్నీ నావలే. కొత్త నావని నీళ్ళలోకి దింపాలంటే పోటు రావాలి, నీళ్ళు గట్టు దాకా ఎక్కాలి. అందాకా నావకున్న లైట్లన్నీ వెలుగుతుండాలి, పాటలు మోగుతుండాలి, చుట్టాలందరూ ఒకసారి ఎక్కి దిగాలి. ఇంజను మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. ఇది వాళ్ళ ఆనవాయితీ. కారు కోసం కొత్త ఆనవాయితీ ఎక్కడినుంచి తెస్తారు పాపం, ఉన్నదే వాడేశారు.

ఇంకొకటి కూడా ఉంది. మొదటి పోటు తీసేలోగా కదలని నావకి సరంగుని, అంటే నడిపేవాణ్ణి, మార్చేస్తారు. తొలిరోజే కదిలించలేని చేతికి చుక్కాని అచ్చిరాదని ఆ ఇంటి నమ్మకం.

ఈ కారుకి సరంగు వీరదుర్గ, పాపాయి పెద్దకోడలు. ఎండుచేపల వ్యాపారం ఆమెది. ఏళ్ళ తరబడి బుట్టలు ఒళ్ళో పెట్టుకుని, ఆటో వెనకభాగంలో వెనక్కి తిరిగి కూర్చుని, దాటిపోయిన దారి చూస్తూ తిరిగింది. ఒక్కసారైనా ముందు కూర్చుని, రాబోయే దారి చూడాలని ఆమెకి ఎంత కోరికో చెప్పలేం. పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, కారు తన పేరుమీదే కొంది. మొగుడు గంగరాజు నడిసముద్రంలో గాలివాన వచ్చినా చెక్కుచెదరడు గానీ, కారెక్కితే మొదటి మలుపులోనే కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు. కాబట్టి అతనితో పేచీ లేదు. పేచీ అంతా మరిది పల్లంరాజుతోనే. ఇంటి బోటు నడిపే సరంగు అతను.

"నువ్వే నడుపు వదినా, నాకేంటి? ఒకవేళ కదల్లేదనుకో, నేనున్నాను కదా," అన్నాడు పొద్దున్నే. ఆ మాట అన్నవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నల్ల కళ్ళజోడు పెట్టుకుని, జేబులో దువ్వెనతో సహా తయారై ఉన్నాడు.

దుర్గ నవ్వింది. కొత్త కారు, అందులోనూ హైబ్రిడ్డు, ఎందుకు కదలదు? ఛార్జింగు పెట్టే పనే లేదు, తనంతట తనే ఛార్జి అవుతుందని షోరూమువాళ్ళు ఒకటికి పదిసార్లు చెప్పారు. ఆ ధైర్యంతోనే తలుపులన్నీ బార్లా తెరిచి, హెడ్‌లైట్లు వేసి, పాటలు పెట్టింది. పాట ఆగిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు బటన్ నొక్కి మళ్ళీ పెడుతూనే ఉన్నారు. పిల్లలు హారన్ కొట్టారు, ముసలాళ్ళు అద్దాలు ఎత్తించి దింపించుకున్నారు. కారు ముందు కొబ్బరికాయ, పువ్వులు, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పండగంటే పండగ.

పాట మంచి ఊపులో ఉండగా ఠక్కున ఆగిపోయింది. ఈసారి ఎన్నిసార్లు నొక్కినా రాలేదు. హెడ్‌లైట్లు కూడా ఆరిపోయాయి. సరిగ్గా అప్పుడే రేవులోంచి పాపాయి కేక వేసింది.

"పోటొచ్చేసిందర్రా! కానివ్వండి!"

దుర్గ సీట్లో కూర్చుని, బ్రేకు తొక్కి, బటన్ నొక్కింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. మళ్ళీ నొక్కింది. పక్కకి చూస్తే పల్లంరాజు జేబులోంచి దువ్వెన తీస్తున్నాడు.

"తోసేద్దాం పట్టండి!" అన్నాడు గంగరాజు. పేటలో ఉన్న మగాళ్ళందరూ కారు వెనక చేరి, నావని తోసినట్టే హైలెస్సా అంటూ తోశారు. కారు అంగుళం కదిలితే ఒట్టు. తోసినవాళ్ళ కాళ్ళే ఇసకలో కూరుకుపోయాయి.

"లంగరేమన్నా దింపి ఉందేమో చూడండెహె!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఒకాయన నిజంగానే వంగి కారు కింద వెతికాడు.

దుర్గ షోరూముకి ఫోన్ చేసింది. తనకి కారు అమ్మిన లోకనాథ్ ఎత్తాడు.

"అయ్యో మేడమ్, తొయ్యకండి! ఇది తోస్తే స్టార్టయ్యే బండి కాదండి. పెద్ద బ్యాటరీకి ఏం అయ్యుండదు. దాన్ని నిద్ర లేపడానికి చిన్న బ్యాటరీ ఒకటుంటుంది, అది పడుకుందండి."

"తనంతట తనే ఛార్జవుద్దన్నారు కదండీ?"

"బండి రెడీలో ఉంటే అవుద్దండి. పాటలు ఎంతసేపు పెట్టారు?"

"పొద్దుట్నుంచీ."

"అంతసేపు ఎందుకండీ?"

"పోటు కోసమండి."

ఈ జవాబుకి ఏమనాలో లోకనాథ్‌కి ట్రైనింగులో చెప్పి ఉండరు పాపం. తేరుకుని, మెకానిక్ రావడానికి మధ్యాహ్నం దాటుతుందనీ, ఈలోగా పన్నెండు వోల్టుల బ్యాటరీ ఏదైనా దొరికితే ఒక్క నిమిషం తగిలిస్తే చాలనీ చెప్పాడు.

పన్నెండు వోల్టుల బ్యాటరీ ఎదురుగానే ఉంది. రేవులో కట్టేసి ఉన్న బోటులో. అంటే పల్లంరాజు చేతిలో.

"బోటు మీంచి బ్యాటరీ దింపితే ఎలా వదినా? అరిష్టం," అన్నాడతను, ఏటి వంక చూస్తూ.

"మొన్న క్రికెట్ మ్యాచి చూడ్డానికి టీవీకి తగిలించుకున్నప్పుడు లేదే అరిష్టం?" అంది దుర్గ. అందరూ గొల్లుమన్నారు. "పోనీలే మరిదీ, ఇవ్వకు. ఇంత పెద్ద సరంగు వదిన స్టీరింగు పట్టుకుంటే జడుసుకున్నాడని చెప్పుకుంటారు, అంతే కదా!"

ఆ మాటతో పల్లంరాజుకి పౌరుషం పొడుచుకొచ్చింది. బోటులోకి దూకి వైర్లతో సహా బ్యాటరీ ఊడదీసి, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా తనే భుజానికెత్తుకున్నాడు. గట్టెక్కబోతూ మోకాలి దాకా బురదలో దిగబడ్డాడు. ఇస్త్రీ చొక్కా గతి ఇక చెప్పక్కర్లేదు. కళ్ళజోడు ముక్కు చివరికి జారినా ఎగదోసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఈలోగా రేవులో పోటు చూసే తాటిమొద్దు చుట్టూ నీళ్ళు తిరుగుడు పడుతున్నాయి. పోటు తీసి ఆటు మొదలయ్యేముందు అలాగే తిరుగుతాయి. దుర్గకి అది తెలుసు. వెంటనే బానెట్ ఎత్తి, లోకనాథ్ ఫోన్లో చెప్పినట్టే ఎర్ర వైరు ఎర్రమూత కిందా, నల్ల వైరు ఇంజను ఇనుముకీ తగిలించింది. పరుగున వెళ్ళి సీట్లో కూర్చుని, గంగమ్మ తల్లికి దండం పెట్టుకుని బటన్ నొక్కింది.

హెడ్‌లైట్లు భగ్గున వెలిగాయి. జనం ఈల వేశారు. తర్వాత చెవులు రిక్కించారు. ఇంజను చప్పుడు లేదు. బోటు ఇంజను మొదలైతే పక్కూరి దాకా వినబడుతుంది. ఇక్కడ ఈగ వాలిన చప్పుడైనా లేదు.

"లైట్లొచ్చాయి గానీ ఇంజను రాలేదు. అయిపోయింది," అన్నాడు పల్లంరాజు. తనే వైర్లు పీకేసి, బానెట్ దబ్బున మూసి, బురద చేత్తోనే దుర్గ పక్కనున్న తలుపు పట్టుకున్నాడు. "దిగు వదినా. ఏమనుకోకు, మన ఆనవాయితీ."

దుర్గ అతని మాట వినలేదు. ఆమె కళ్ళు స్టీరింగు వెనక మెరుస్తున్న పచ్చ అక్షరాల మీదున్నాయి. రెడీ. షోరూములో నడిపి చూసినరోజు కూడా ఇంతే, చడీచప్పుడూ లేకుండా కదిలింది.

"చెయ్యి తియ్యి మరిదీ," అని తలుపు వేసుకుని, గేరు మార్చి, బ్రేకు వదిలింది.

కారు పిల్లిలా కదిలింది. పట్, పట్, పట్, పట్ మని నిమ్మకాయలు చితికాయి. ఒక్క క్షణం అందరూ నోళ్ళు తెరుచుకుని నిలబడి, ఆ తర్వాత ఆకాశం దద్దరిల్లేలా అరిచారు. గంగరాజు ఎగిరి గంతేశాడు. పల్లంరాజు ఒక్కడే రేవు వైపు పరిగెత్తాడు.

"అమ్మా! నీళ్ళు ముందే తీసేశాయి! మొద్దు మీద తడి చూడు!"

నిజమే. మొద్దు మీద, నీళ్ళకి పైన, బెత్తెడు తడి కనబడుతోంది. నవ్వులు ఆగిపోయాయి. దుర్గ కారు ఆపింది. పోటు ఉందో పోయిందో తేల్చాల్సింది పాపాయి ఒక్కతే.

పాపాయి ఏటికి వీపు పెట్టి నిలబడి ఉంది.

"నేను చెప్పకుండా నీళ్ళెలా తీస్తాయిరా?" అంది.

"కళ్ళెదురుగా కనబడుతుంటే..."

"మీ తాత నావకీ, మీ నాన్న నావకీ, నీ బోటుకీ పోటు చెప్పింది నేనే. ఒక్కదాంట్లోనైనా నన్ను చుక్కాని ముట్టుకోనిచ్చారా? ఇంకా పోటే ఉంది. నేను చెప్పేదాకా పోటే."

పాపాయి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని గట్టెక్కి వచ్చి, ముందుసీట్లో కూర్చుంది. దుర్గ అత్తగారి చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చేసింది, మధ్యమధ్య నవ్వుతూ.

"ఏడుపు తర్వాతే, ముందు పోనీ," అంది పాపాయి.

రేవులో నీళ్ళు గబగబా దిగిపోతున్నాయి. అటు ఎవరూ చూడలేదు.