ఊఁ అంటేనే సైకిల్ కదిలేది

ఆ ఇంట్లో సైకిల్ ఒకటే, చొక్కాలు కుట్టే వర్క్‌షాపుకి వెళ్ళాల్సిన ఆడవాళ్ళు ఇద్దరు. కోడలు కాలర్లు కుడుతుంది, అత్త కాజాలు కుడుతుంది. తొక్కేది కోడలు, వెనక కూర్చునేది అత్త. ఎక్కి సర్దుకున్నాక అత్త "ఊఁ" అనాలి. అది వినపడ్డాకే కోడలు పెడల్ తొక్కుతుంది. పెళ్ళయిన కొత్తలో పెట్టుకున్న ఏర్పాటిది, ఒక్కరోజూ తప్పలేదు.

నిన్న సాయంత్రం కోడలే నోరు జారింది. ఎదురుగాలి ఈడ్చి కొడుతుంటే రొప్పుతూ అనేసింది, "మీ బరువు లాగలేక నా ప్రాణాలు పోతున్నాయి అత్తయ్యా. రేపట్నుంచి బస్సులో వెళ్ళండి."

అంతే, అత్త నోటికి తాళం పడింది. రాత్రి భోజనాల దగ్గర కొడుకుని మాత్రం అడిగింది, బస్సు ఎక్కడాగుతుందని. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయిన ఆ పెద్దమనిషి, "కనుక్కుని చెప్తాలేమ్మా" అని తల కంచంలోకి దించేశాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఇంట్లో ఇద్దరికీ పనితోనే సరిపోతుంది, వర్క్‌షాపులో మిషన్ల మోతకి మాటే వినపడదు. వాళ్ళ కబుర్లన్నీ సైకిల్ మీదే. అత్త వెనకనుంచి విసిరే చతుర్లకి నవ్వాపుకోలేక కోడలు హ్యాండిల్ వంకర్లు తిప్పిన రోజులెన్నో. ఇక ఆ దారంతా ఒంటరిగా తొక్కాలంటే ఆమెకి ఏడుపొచ్చింది.

పొద్దున, బస్సు సంగతి తేలలేదు కాబట్టి ఈ ఒక్కపూటకీ తప్పదన్నట్టు అత్త వచ్చి వెనక కూర్చుంది. ఊఁ అనలేదు. క్యారియర్ కిర్రుమనడం విని కోడలు తొక్కింది.

వంతెన ఎక్కేటప్పుడు ఎప్పటిలాగే ఇద్దరూ దిగి నడిచారు. పైకి చేరాక కోడలు సీటెక్కింది. వెనక్కి చూస్తే తను ఓడిపోయినట్టవుతుందని చూడలేదు. క్యారియర్ దగ్గర టక్కుమని చప్పుడైంది. ఎక్కిందిలే అనుకుని పోనిచ్చింది.

వాలులో సైకిల్ దానంతటదే పరుగెత్తింది. మొహం చూడక్కర్లేదు కదా, కోడలికి ధైర్యమొచ్చింది.

"అత్తయ్యా, తప్పు నాదే. గాలి మీది కోపం మీ మీద చూపించాను. మీరు బస్సెక్కితే నాకేం తోస్తుంది చెప్పండి?"

జవాబు లేదు. గొంతు పెంచి మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది.

కింద సిగ్నల్ దగ్గర, రోజూ కనిపించే బ్రెడ్డు పెట్టెల సైకిలాయన పక్కన ఆగాడు. "ఏం చెల్లెమ్మా, భోజనం క్యారేజీకి అన్ని క్షమాపణలు దేనికి?"

తిరిగి చూస్తే స్ప్రింగు కింద క్యారేజీ బుద్ధిగా కూర్చుని ఉంది. అత్త లేదు.

పడిపోయిందేమో! సైకిల్ తోసుకుంటూ ఆయాసపడుతూ వంతెన మళ్ళీ ఎక్కింది. పైన పిట్టగోడ మీద కూర్చుని, తెగిన చెప్పుకి పిన్నీసు గుచ్చుతోంది అత్త.

"దెబ్బ తగిలిందా అత్తయ్యా?"

"ఎక్కితే కదా పడడానికి! చెప్పు తెగిందని, క్యారేజీ పెట్టి వంగాను. లేచేసరికి నువ్వు లేవు." అత్త కళ్ళు చిన్నవి చేసింది. "అవునమ్మాయ్, నా బరువుకి ప్రాణాలు పోతున్నాయన్నావే, మరి నేను లేనని తెలియనేలేదేం?"

వాలులో ఏనుగెక్కినా తెలియదని కోడలికి నాలుక చివరిదాకా వచ్చింది. నిన్నటి సంగతి గుర్తొచ్చి మింగేసింది.

"మీరంత తేలిక అత్తయ్యా."

"సరే గానీ, ఏదో అరుచుకుంటూ పోయావు, ఏంటది?"

"తప్పయిందని చెప్పాను."

"క్యారేజీకా? అదేమంది?"

"ఏమీ అనలేదు. మీలాగే."

అత్త నవ్వాపుకోలేకపోయింది. పిన్నీసు చెప్పు తొడుక్కుని, క్యారేజీని ఒళ్ళో పెట్టుకుని ఎక్కి కూర్చుంది. కోడలు మాత్రం కదల్లేదు.

"పోనీయవే, ఆలస్యమవుతోంది."

"మీరు ఊఁ అనందే తొక్కను."

"ముందు దానికి చెప్పిందేదో నాకూ చెప్పు."

కోడలు ఈసారి వెనక్కి తిరిగి, మొహం చూస్తూ చెప్పింది. సగంలో ఉండగానే అత్త, "ఊఁ" అంది.